పిడికెడు బియ్యము

శతవార్షికోత్సవ సంచికలో ఆలయములను గూర్చియు, బడులను గూర్చియు వ్రాయువారు పలువురు కలరు. మేము ఒక బియ్యపు డబ్బాను గూర్చి వ్రాయదలచితిమి.

పిడికెడు బియ్యము మన తెలుగు సంఘములలో పాత ఆచారము. తల్లులు వంటకు బియ్యము కొలుచునప్పుడు ఒక పిడికెడు తీసి వేరుగా నుంచి, ఆదివారము ఆలయమునకు తెచ్చెడివారు. వారిలో అనేకులు ధనికులు కారు. కూలికి పోయి గింజలు తెచ్చుకొనినవారే. ఇది మరువరాని సంగతి.

మన ప్రాంతమున ఆకలి చరిత్ర పెద్దది. 1876-78 మహాకరవులో ఒంగోలునందున్న అమెరికను బాప్టిస్టు మిషనెరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ త్రవ్వకమును గుత్తకు తీసికొని, వేలమందికి పని చూపించిరి. వారు బిచ్చము పెట్టలేదు, కూలి యిచ్చిరి. కూటికొరకు మతము పుచ్చుకొనిరను మాట రాకూడదని, కరవు సహాయము జరుగుచున్నంత కాలము బాప్తిస్మములు నిలిపివేసిరి. పిమ్మట 1878 జూలై 3న ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్య మనలో చాలమందికి కంఠస్థము. దానికి ముందు ఆయన పాటించిన నిగ్రహమును మాత్రము తక్కువగా తలచుకొందుము.

ఇక మన కాలమునకు వత్తము. కరోనా వ్యాధి కారణమున 2020 మార్చి 25 నుండి దేశమంతట 21 దినముల లాక్‌డౌను విధింపబడెను. తరువాత మే 31 వరకు పొడిగింపబడెను. హైదరాబాదు, సికింద్రాబాదు నగరములలో ఆటోలు నిలిచెను, కట్టడపు పనులు ఆగెను, ఇండ్లలో పనిచేయు స్త్రీలను రావద్దనిరి. ఏ దినపు సంపాదన ఆ దినమే తినువారికి మొదటి వారములోనే డబ్బాలు ఖాళీ అయ్యెను. రాష్ట్ర ప్రభుత్వము కార్డు గలవారికి మనిషికి 12 కిలోల బియ్యమును, కుటుంబమునకు 1,500 రూపాయలను ఇచ్చెను. వలస కార్మికులకు 12 కిలోల బియ్యము, 500 రూపాయలు ప్రకటించెను. నగరపాలక సంస్థవారి అయిదు రూపాయల భోజనము ఉచితమాయెను. ఇవి గొప్ప సహాయములే. అయినను కార్డు లేనివారు, జాబితాకెక్కనివారు ప్రతి సందులోను మిగిలిరి. బియ్యము దొరికినను పప్పు, నూనె, గ్యాసు లేనివారును ఉండిరి.

అప్పుడు మా సంఘములో స్త్రీల మైత్రివారు పిడికెడు బియ్యపు డబ్బాను తెరచిరి. ఉద్యోగస్థులు తమ జీతములో కొంత ఇచ్చిరి. అయిదు కిలోల బియ్యము, కిలో కందిపప్పు, నూనె, ఉప్పు, కారము, చింతపండు, సబ్బు కలిపి సంచులు కట్టితిమి.

ఇక్కడ మా తప్పులు రెండు చెప్పవలెను. మొదటిది, సభ్యత్వపు పుస్తకము ముందు పెట్టుకొని జాబితా వ్రాసితిమి. ఆలయపు గోడ వెనుకనే అద్దెకున్న పాలమూరు కూలీల పేర్లు అందులో ఎట్లుండును? వారి పిల్లలు మా సంచులను గోడమీదనుండి చూచుచుండిరి. రెండవది, ఇచ్చునప్పుడు బ్యానరు కట్టి, వరుసలో నిలువబెట్టి ఫొటోలు తీయించితిమి.

ఆటో నడుపు ఒక సభ్యుడు ఆ వరుసకు రాలేదు. కర్ఫ్యూ వేళకు ముందు మేమే సంచి తీసికొని వారి యింటికి వెళ్ళితిమి. ఆయన లోపలినుండి బయటికి రాలేదు. భార్య గడపలో నిలిచి, “అయ్యగారూ, ఇన్నేండ్ల సంది ఆ డబ్బాల మేం బియ్యం పోసినోళ్ళమే. ఇప్పుడు లైన్ల నిలబడి ఫొటో ఎట్ల దిగమంటరు?” అనెను. వేదాంత కళాశాలలో కరవు చరిత్రను చదివి పరీక్ష వ్రాసినవారమే గాని, ఆ ప్రశ్నకు మావద్ద జవాబు లేకపోయెను.

మరుసటి దినమునుండి ఫొటోలు మానితిమి. బ్యానరు విప్పితిమి. జాబితా వ్రాయు పనిని సందులెరిగిన స్త్రీలకు అప్పగించితిమి. ఎవరి పొయ్యి వెలుగుటలేదో వారికి తెలియును. ఏ మతమని వారు అడుగలేదు. యౌవనస్థులు సంచిని గడప ముందుంచి, తలుపు తట్టి వచ్చెడివారు. ఏప్రిలు 12న ఆలయము మూసియున్న ఈస్టరు దినమునను ఈ పని ఆగలేదు. ఆ నెల చివర రంజాను ఉపవాసములు ఆరంభమైనప్పుడు, మా పొరుగు ముస్లిము సోదరులు పంచిన సంచులు మా పేద సభ్యుల గడపలకును చేరెను.

మే 1న లింగంపల్లి స్టేషను నుండి హటియాకు వలస కార్మికుల మొదటి రైలు సుమారు 1,200 మందితో బయలుదేరెను. గోడ వెనుకనున్నవారు అంతకుముందే కాలినడకను తమ ఊళ్ళకు వెళ్ళిపోయిరి. వారికి మా సంచులు అందినవి రెండు వారములే. మొదటినుండి అందవలసియుండెను.

జూన్ 8 తరువాత ఆలయములు తెరచుటకు అనుమతి వచ్చెను. తెరచిన మొదటి ఆదివారము ఆ ఆటో సభ్యుని భార్య వచ్చి, ముడి విప్పి, పిడికెడు బియ్యము డబ్బాలో పోసి తన చోట కూర్చుండెను. ఎవరును ఏమియు అనలేదు.

ప్రియ సంఘస్థులారా, నూరేండ్ల పండుగలో మా మనవి ఒక్కటే. ప్రతి సంఘములోను ఆ డబ్బాను మరల నిలుపుడు. దాని ప్రక్కన ఒక పుస్తకమునుంచి, కార్డు లేని ఇరుగుపొరుగువారి పేర్లు ఇప్పుడే వ్రాసికొనుడు. ఆ పుస్తకము గోడ వెనుకనుండి మొదలుకావలెను.