నిజాం వేటస్థలం, మన జింకల పార్కు

విజయవాడ బస్సెక్కిన ప్రతివాడూ ఎల్బీనగర్ దాటాక ఆటోనగర్ దగ్గర మహావీర్ హరిణ వనస్థలి పక్కనుంచే వెళ్తాడు. పక్కనే ఉన్న వనస్థలిపురానికి ఆ పేరు ఎక్కడిదో ఇప్పుడు ఎంతమందికి గుర్తుందో మరి!

ఒకప్పుడు ఇది నిజాంగారి వేటస్థలం. కృష్ణజింకల్ని కాపాడింది వాటిమీద ప్రేమతో కాదు, తామే వేటాడుకోవడానికి. ఇంకొకడు తుపాకీ పట్టుకుని రాకూడదు, అంతే. న్యాయమా అంటే కాదు. కానీ ఆ నేల ముక్కలు కాకుండా మిగిలింది మాత్రం అందువల్లే. వేటకి అడ్డుకట్ట వేసిన వన్యప్రాణి చట్టం 1972లో వచ్చింది. 1975లో మహావీరుడి 2500వ నిర్వాణోత్సవాల గుర్తుగా ఆయన పేరుతో పార్కు చేశారు. వేటస్థలానికి అహింస చెప్పినాయన పేరు! పేరు పెట్టినవాళ్ళెవరో గానీ, నాకు తెగ నచ్చారు. సుమారు 3,600 ఎకరాలు, ఊరు చుట్టుముట్టినా నిలిచింది. 1994లో నేషనల్ పార్కు హోదా కూడా వచ్చింది.

చూడాలంటే పొద్దున్నే వెళ్ళండి, ఎండెక్కితే జింకలు నీడ చూసుకుంటాయి. మెలితిరిగిన కొమ్ములు, నల్లటి వీపు ఉంటే మగది. ఆడవి గోధుమరంగులో ఉంటాయి, కొమ్ములుండవు. చుక్కలున్నవి వేరే జాతి. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ ఆ చుక్కల జింకనే రాష్ట్ర జంతువుగా ఎంచుకుంది, కృష్ణజింకేమో ఆంధ్రకి మిగిలింది. పార్కు ఇక్కడ, బిరుదు అక్కడ :)

ఇంకో విడ్డూరం. 1932లో కృష్ణజింకల్ని టెక్సాస్ తీసుకెళ్ళారు. అక్కడి రాంచీల్లో వేల సంఖ్యలో పెరిగాయి, డబ్బు కడితే వేటాడుకోవచ్చు కూడా. పాకిస్తాన్‌లో అంతరించిపోతే 1970లో టెక్సాస్ నుంచే తెప్పించుకున్నారు. ఆస్టిన్‌లో ఉన్న మనవాళ్ళు పడమటి కొండలవైపు లాంగ్ డ్రైవ్‌కి వెళ్తే, అవి కనిపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

మన దగ్గర వేట లేదు, సంతోషమే. కానీ జింకకి కావలసింది పరిగెత్తడానికి బయలు, గడ్డి. చెట్లు నాటి పచ్చగా చేసేస్తే మనకి బావుంటుంది గానీ, దానికి కాదు. పైగా చుట్టూ ఊరే కాబట్టి లోపలివి బయటికి పోలేవు, బయటివి లోపలికి రాలేవు. తరాల తరబడి దగ్గర బంధువుల మధ్యే సంతానం కలిగితే మంద బలహీనపడుతుంది. అప్పుడప్పుడు వేరే మందల్లోంచి కొన్నిటిని తెచ్చి కలపాల్సిందే, ఆ పని కంచె చేసిపెట్టదు.