ఎత్తు పళ్ళు: తేడా పళ్ళలోనా, దవడలోనా?

నేను పళ్ళ వరస సరిచేసే ఆర్థోడాంటిస్ట్‌నని తెలియగానే, మన సంఘం విందుల్లో తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "మా వాడికి పళ్ళు ఎత్తుగా ఉన్నాయండీ, క్లిప్పులు వేస్తే సరిపోతుంది కదా?" నోరు చూసి మాత్రమే దానికి జవాబు చెప్పలేను. కారణం ఈ వ్యాసంలో క్లుప్తంగా వివరిస్తాను.

పై దవడ ముందుకు పెరిగినా, కింది దవడ వెనకబడినా పై పళ్ళు ఎత్తుగానే కనిపిస్తాయి. దవడలు రెండూ సరిగ్గా ఉండి, వేలు చప్పరించే అలవాటు వల్ల పళ్ళు మాత్రమే వాలినా చూపుకి అంతే. వైద్యం మాత్రం ఒక్కటి కాదు.

దీనికి తోడు పళ్ళు ఎముకల తేడాని కొంత కప్పిపుచ్చుతాయి. కింది దవడ వెనకబడితే కింది ముందు పళ్ళు పై వాటిని అందుకోవడానికన్నట్టు బయటికి వాలుతాయి. కింది దవడ మరీ ముందుకు పెరిగితే అవే లోపలికి వాలి, పైవి బయటికి వస్తాయి.

1899లో ఎడ్వర్డ్ యాంగిల్ దంతాల అమరికను దవడ పళ్ళు కలిసే తీరుని బట్టి వర్గీకరించారు. ఎముకలను కచ్చితంగా కొలవడం, 1931లో బ్రాడ్‌బెంట్ తలకు పక్కనుంచి ఎక్స్‌రే తీసే పద్ధతిని ప్రకటించాక వీలైంది. దాన్నే సెఫలోగ్రామ్ అంటాం. 1953లో స్టైనర్ ఇచ్చిన లెక్క ప్రకారం పుర్రె అడుగు గీతతో పై దవడ కోణం సుమారు 82 డిగ్రీలు, కింది దవడది 80. తేడా 2. ఇది బాగా పెరిగితే కింది దవడ వెనకబడిందనో, పై దవడ ముందుకొచ్చిందనో అనుమానిస్తాం. మైనస్‌లోకి వెళ్తే అందుకు విరుద్ధం.

అయితే ఈ అంకెలు అమెరికన్ తెల్లవారి ముఖాల నుంచి వచ్చినవి. మన భారతీయుల్లో ముందు పళ్ళు, పెదవులు కాస్త ముందుకు ఉండటం సహజమే. ఆ అంకె కుదరడం కోసమే పిల్లల పళ్ళు తీయించనక్కరలేదు.

నా సంగతే చెబుతాను. పదమూడో ఏట సైడ్ ఎక్స్‌రే లేకుండానే రెండు పై పళ్ళు తీసి, మిగిలినవాటిని వెనక్కి లాగారు. వరస కుదిరింది, వెనకబడ్డ గడ్డం అలాగే ఉండిపోయింది. ఈ చదువులోకి వచ్చాక నా ఎక్స్‌రే నేనే కొలుచుకున్నాను. తేడా 7 డిగ్రీలు! ఎదిగే వయసు అప్పటికే దాటిపోయింది.

ఎదిగే పిల్లల్లో ట్విన్ బ్లాక్ వంటి పరికరాలు ఉపయోగపడతాయి. అవి ఎక్కువగా పళ్ళనే కదుపుతాయి, ఎముకలో మార్పు కొద్దిపాటిదే. పై దవడ వెనకబడి కింది పళ్ళు ముందుకొస్తే, ముఖానికి తగిలించే ఫేస్‌మాస్క్ పదేళ్ళలోపు బాగా పనిచేస్తుంది. పెద్దయ్యాక మిగిలేవి రెండు దారులు: పళ్ళను సర్ది తేడాని కప్పడం, లేదా దవడ ఆపరేషన్.

అమెరికన్ ఆర్థోడాంటిస్టుల సంఘం ఏడేళ్ళకల్లా ఒకసారి చూపించమంటుంది. క్లిప్పులకి ఒప్పుకునే ముందు డాక్టరుగారిని ఇవి అడగండి: తేడా పళ్ళలోనా, దవడలోనా? సైడ్ ఎక్స్‌రే కొలిచారా? మా పిల్లకి ఎదుగుదల ఇంకా ఎంత ఉంది?