సంతకం ఎవరిది? నిర్ణయం ఎవరిది?

నా స్నేహితురాలు ఒకామె అమెరికాలో ఉంటుంది. పదేళ్లుగా మల్టిపుల్ స్క్లెరోసిస్. ఆ మధ్య రక్తపరీక్షలో 'జెసి పాజిటివ్' అని వచ్చింది. "మందు మానేస్తే నడక పోతుందట, వేసుకుంటే మెదడే పోవచ్చునట. ఏం చేయాలో నన్నే తేల్చుకోమంటున్నారు. నిజంగా ఇది నా నిర్ణయమేనంటావా?" అని ఫోన్‌లో అడిగింది. సాహిత్యం చదువుకున్న నా దగ్గర జవాబు లేదు. అందుకే ఆ రెండక్షరాల చరిత్ర వెతుక్కుంటూ వెళ్లాను.

జె.సి. అన్నవి ఒక రోగి పేరులోని పొడి అక్షరాలు. మెదడులోని తెల్ల పదార్థాన్ని నాశనం చేసే జబ్బుకి 1958లో పి.ఎం.ఎల్. అని పేరు పెట్టారు. 1965లో విస్కాన్సిన్‌లో గాబ్రియెల్ జురైన్ అనే శాస్త్రవేత్త, తన సహచరుడు చౌతో కలిసి, ఆ రోగుల మెదడు కణాల్లో వైరస్‌ని చూసింది. 1971లో బిల్లీ పాడ్జెట్, జురైన్ ఉన్న బృందం దాన్ని వేరుచేసి పెంచగలిగింది. వైరస్‌కి రోగి అక్షరాలు మిగిలాయి. దాన్ని పట్టుకున్న ఈ ఇద్దరు స్త్రీల పేర్లు మాత్రం నేను ఇప్పటిదాకా వినలేదు.

పెద్దవాళ్లలో సగానికి పైగా ఈ వైరస్‌ని మోస్తూనే ఉంటారు. అది మూత్రపిండాల్లో అణగి ఉంటుంది, ఏ హానీ చేయదు. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో మన రక్షణకణాలే మెదడులోకి దూరి నరాల పై పొరను దెబ్బతీస్తాయి. నటాలిజుమాబ్ అనే మందు ఆ కణాలను మెదడు గడప దాటనివ్వదు. జబ్బు తగ్గేది అందుకే. కానీ కాపలావాళ్లు లేని ఇంట్లో వైరస్ విజృంభిస్తే అడ్డుకునేవారుండరు. మేలూ కీడూ ఒకే తలుపు నుంచి వస్తాయన్నమాట.

ఈ మందుకి అమెరికాలో 2004 నవంబరులో, ఒక్క ఏడాది ఫలితాల ఆధారంగా అనుమతి దొరికింది. 2005 ఫిబ్రవరిలో ఇద్దరికి పి.ఎం.ఎల్. వచ్చిందని తెలిసి అమ్మకం ఆపేశారు. వారిలో చనిపోయింది ఒక స్త్రీ. అంతకుముందు మెదడు కంతితో పోయాడనుకున్న మరో రోగి కణజాలాన్ని తిరిగి చూస్తే, అదీ పి.ఎం.ఎల్. అని తేలింది. మూడువేల మందికి పైగా రోగులను పరీక్షించి, సుమారు పద్దెనిమిది నెలల వాడకానికి వెయ్యిమందిలో ఒకరికి ముప్పు అని 2006లో అంచనా వేశారు.

ఇక్కడ నాకు ఒక చిక్కు ఎదురైంది. ఈ జబ్బు మగవాళ్లకంటే స్త్రీలకే రెండు మూడు రెట్లు ఎక్కువ. కాబట్టి స్త్రీల శరీరాలను ప్రయోగశాలలుగా మార్చారని తేలిగ్గా రాసేయవచ్చు. కానీ 2006 మార్చిలో జరిగిన బహిరంగ విచారణలో రోగులే వచ్చి, ఆ మందు మాకు తిరిగి ఇవ్వండని అడిగారు. రెండేళ్ల పరీక్షలో అది జబ్బు తిరగబెట్టడాన్ని 68 శాతం తగ్గించింది మరి. ఆ జూన్‌లో, ప్రతి రోగినీ నమోదు చేసే కట్టుబాట్లతో మందు తిరిగి వచ్చింది. వాళ్లను అమాయకులనడం కూడా ఒక రకం పెత్తనమే.

అయితే వెయ్యిలో ఆ ఒక్కరు ఎవరో అప్పుడు ఎవరికీ తెలియదు. 2012లో యాంటీబాడీ పరీక్ష వచ్చాకే ఆ అంకెకి ముఖం ఏర్పడింది. యాంటీబాడీ లేనివారికి ముప్పు పదివేలలో ఒకటి కంటే తక్కువ. అది ఉండి, రెండేళ్లు దాటి మందు వాడి, అంతకుముందు రోగనిరోధక శక్తిని అణచే మందులు కూడా వాడి ఉంటే వెయ్యికి పదకొండు. 2005లోనూ సంతకాలున్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. కానీ ఏమీ తెలియకుండా పెట్టిన సంతకం సమ్మతి ఎలా అవుతుంది?

ఇదంతా నా స్నేహితురాలికి చెప్పాను. ఈసారి డాక్టరు దగ్గరికి ఆమె ప్రశ్నలు రాసుకుని వెళ్లింది. నా అంకె ఎంత? రెండు మోతాదుల మధ్య ఎడం పెంచితే ముప్పు తగ్గుతుందా? మానేస్తే జబ్బు మరింతగా తిరగబెడుతుందా? మారే మందులో ఈ ముప్పు లేదా? ఈ చివరి ప్రశ్న అవసరమే. తర్వాత వచ్చిన ఫింగోలిమోడ్, డైమిథైల్ ఫ్యూమరేట్‌లతో కూడా అరుదుగా పి.ఎం.ఎల్. వచ్చింది.

"ఇంకా ఏదీ తేల్చుకోలేదు. కానీ ఈసారి తేల్చుకునేది నేనే" అంది.