వర్గంలో దాగిన కుక్క

ఏటా ఏప్రిల్ 20న ఐక్యరాజ్యసమితి చైనా భాషా దినోత్సవం జరుపుతుంది. లిపిని సృష్టించాడని చెప్పుకునే త్సాంగ్‌జియే పేరున ఈ వేడుక. ఆయనకు నాలుగు కళ్లని, అక్షరాలు పుట్టిన రోజున ఆకాశం ధాన్యం కురిసిందని ఐతిహ్యం. హైదరాబాద్‌లోని విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో చైనీస్ చదువుతూ, దగ్గర్లోని వారాసిగూడ అద్దె గదుల్లో అక్షరాలు దిద్దే పిల్లలకు మాత్రం మెడనొప్పే మిగులుతుంది. వాళ్లను తికమకపెట్టే మాటల్లో 'లేయ్' ఒకటి. జాతి, వర్గం, కోవ అని అర్థం.

ఎముకల మీద చెక్కిన రాతలనూ రాజవంశాలనూ గబగబా దాటేసి హాన్ వంశ కాలపు షూ షెన్ దగ్గర ఆగుదాం. క్రీ.శ. 100లో ఈ పండితుడు 9,353 అక్షరాలను 540 మూలాంగాల (అక్షరాల్లో పదేపదే వచ్చే భాగాల) కింద సర్ది నిఘంటువు పూర్తి చేశాడు. అది చక్రవర్తికి చేరింది మాత్రం 121లో, జబ్బుపడ్డ తండ్రి తరఫున కొడుకు సమర్పించినప్పుడు. అందులో 'లేయ్' కుక్క మూలాంగం కింద ఉంది! ఒకే జాతివి ఒకదాన్నొకటి పోలి ఉంటాయి కదా, ఆ పోలికలో కుక్కలను మించినవి లేవన్నది ఆయన వాదన. అక్షరంలో మిగతా భాగం ఉచ్చారణ కోసమే. రాత్రిపూట వారాసిగూడ సందుల్లో నడిచేవాళ్లు షూ షెన్‌తో ఏకీభవిస్తారు. రోజూ అక్కడి కుక్కలకు అన్నం పెట్టే అవ్వ ఒప్పుకోదు. ఆమెకు ప్రతి కుక్కా వేరే. జాతి కనిపించేది దూరం నుంచి చూసేవాడికే కాబోలు.

వాడుకలో 'లేయ్' పెద్ద గుంపు: 'రెన్‌లేయ్' మానవజాతి, 'న్యావ్‌లేయ్' పక్షిజాతి. విడివిడి రకాలకు 'జోంగ్'. ఆ మాటకు విత్తనం అనీ అర్థముంది. మూడు రకాల చాయ్ 'సాన్ జోంగ్ ఛా'. రెండూ కలిస్తే 'జోంగ్‌లేయ్'. పాత విజ్ఞాన సర్వస్వాలను 'లేయ్‌షూ', అంటే వర్గగ్రంథాలు, అనేవారు. 1408లో పూర్తయిన యోంగ్‌లె సర్వస్వం వాటిలో మహాకాయం.

ఇక్కడి నుంచి కథ చెదిరిపోతుంది. 1956లో చైనాలో మొదలైన లిపి సరళీకరణలో 'లేయ్'లోని 'కుక్క' అక్షరం నెత్తిన చుక్క ఎగిరిపోయి, 'పెద్ద' అనే అక్షరం మిగిలింది. తైవాన్, హాంకాంగ్‌లలో కుక్క భద్రం. ఆ మాట చెత్తబుట్ట దాకా చేరింది: షాంఘైలో 2019 జులై 1 నుంచి చెత్తను నాలుగు లేయ్‌లుగా వేరుచేయడం తప్పనిసరైంది. ఇక మన పిల్లలు ఫోన్‌లో 'లేయ్' అని కొడితే తెర మీద వర్గంతోపాటు అలసట, కన్నీళ్లు, ఉరుము కూడా వరుసకడతాయి.