ఫ్లోరోసిస్: బొల్లాపల్లి నీళ్లతో పాథోఫిజియాలజీ తొలి పాఠం

ఫ్లోరోసిస్ అంటే తాగే నీళ్లలో, తినే తిండిలో మోతాదు మించిన ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఒంట్లో చేరి పళ్లు, ఎముకలు, కీళ్లు, ముదిరితే నరాలు కూడా దెబ్బతినే జబ్బు. పల్నాడు జిల్లాలో నల్లమల అంచున, వినుకొండ నియోజకవర్గంలో ఉన్న బొల్లాపల్లి మండలం దీనికి పేరుపడ్డ ప్రాంతం. ఊళ్లూ తండాలూ చాలాకాలంగా బోర్ల మీద, చేతిపంపుల మీద ఆధారపడి బతికిన మెట్ట ప్రాంతం అది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడేదాకా ఇది గుంటూరు జిల్లాలో ఉండేది.

నర్సింగ్ విద్యార్థులకు పాథోఫిజియాలజీ, అంటే రోగ శరీరధర్మ శాస్త్రం, మొదట్లో పేర్ల మోతలా అనిపిస్తుంది. కారణం, రోగక్రమం, సమతుల్యత, సర్దుబాటు, కణహాని అంటూ నిర్వచనాలు కంఠతా పట్టి పరీక్ష రాసి మరిచిపోతారు. ఈ మాటలన్నీ ఒక్క జబ్బులో వరసగా కనిపించేది ఫ్లోరోసిస్‌లో. పైగా కారణం ఇంట్లో బిందెలోనే ఉంటుంది. అందుకే తెలుగు నేల మీద ఈ పాఠం మొదలుపెట్టడానికి ఇంతకంటే తగిన జబ్బు లేదని నా అభిప్రాయం.

కారణం: రాయి, నీరు, ఎండ

ఫ్లోరైడ్ ఎవరో కలిపిన విషం కాదు. ఫ్లోరైట్, అపటైట్, బయొటైట్ లాంటి ఖనిజాలున్న గట్టి రాతి పొరల్లో నీళ్లు ఏళ్లకేళ్లు నిలిస్తే, రాయిలోని ఫ్లోరైడ్ కొద్దికొద్దిగా నీళ్లలోకి దిగుతుంది. నీళ్లలో బైకార్బొనేట్ ఎక్కువై కాల్షియం తక్కువైతే అది ఇంకా సులువుగా కరుగుతుంది. వానలు తక్కువై, కొత్త నీళ్లు పొరల్లోకి దిగకపోతే ఉన్న నీళ్లలోనే దాని పాలు పెరుగుతుంది.

తాగునీటికి భారత ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత కూడా 1.5 దగ్గరే ఉంది. ఇక్కడ విద్యార్థి ఒక లెక్క వేసుకోవాలి. రోజుకు రెండు లీటర్లు తాగే మనిషికి లీటరుకు 1.5 మిల్లీగ్రాములున్న నీళ్లతో అందేది 3 మిల్లీగ్రాములు. ఏప్రిల్, మే నెలల్లో ఉపాధి హామీ పనికి వెళ్లి మట్టి తవ్వే మనిషి ఐదు లీటర్లు తాగితే అవే నీళ్లతో 7.5 మిల్లీగ్రాములు అందుతాయి. అన్ని దారుల్లో కలిపి రోజుకు 6 మిల్లీగ్రాములు దాటితే ఎముకలకు ముప్పు పెరుగుతుందన్న సూచనలున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో చెప్పింది. నీళ్ల రిపోర్టు 'పరిమితిలోనే ఉంది' అన్నా, ఆ నీళ్లు తాగే మనిషి పరిమితిలో ఉన్నట్టు కాదు. పల్నాడు ఎండను కూడా ఈ లెక్కలో కలుపుకోవాలి.

తెలుగు ప్రాంతానికి ఈ జబ్బు కొత్త కాదు. అప్పటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాల్లో ఇది ఉందని మద్రాసు ప్రెసిడెన్సీ వైద్యులు షార్ట్, ఆయన సహచరులు 1937లో ప్రకటించారు. మన దేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్‌ను వివరించిన తొలి పరిశోధనల్లో అదొకటి. నల్లగొండ జిల్లా గురించి 1955లో సిద్దిఖీ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు.

ఒంట్లోకి వెళ్లాక

నీళ్లతో మింగిన ఫ్లోరైడ్ పొట్టలోని ఆమ్లంతో కలిసి హైడ్రోజన్ ఫ్లోరైడ్‌గా మారి, జీర్ణాశయపు గోడ దాటి రక్తంలోకి చేరుతుంది. అరగంట నుంచి గంటలోపే రక్తంలో దాని స్థాయి పైకి ఎక్కుతుంది. పాలు, కాల్షియం ఉన్న తిండి అదే సమయంలో కడుపులో ఉంటే కొంత ఫ్లోరైడ్ అక్కడే చిక్కుకుని మలంతో పోతుంది. ఖాళీ కడుపున తాగిన నీళ్లదైతే దాదాపు అంతా రక్తంలో కలుస్తుంది.

రక్తంలోకి వచ్చినదాన్ని ఒళ్లు రెండు దారుల్లో సర్దుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో సగం దాకా మూత్రంతో పోతుంది. మిగిలింది ఎముకలోకి పోతుంది. ఒంట్లో నిలవున్న ఫ్లోరైడ్‌లో 99 శాతం దాకా ఎముకల్లో, పళ్లలోనే ఉంటుంది. ఎదిగే పిల్లల ఎముక దాన్ని ఇంకా ఎక్కువగా లాక్కుంటుంది. రక్తంలో ఫ్లోరైడ్ పెరగకుండా చూడటానికి ఎముక గోదాములా పనిచేయడం సమతుల్యత కాపాడుకోవడమే. తప్పు ఒంటిది కాదు. రోజూ వచ్చిపడే సరుకు గోదాము పట్టేదానికంటే ఎక్కువ కావడమే ఇక్కడి చిక్కు.

ఎముకలో ఉండే ఖనిజం హైడ్రాక్సీ అపటైట్. కాల్షియం, ఫాస్ఫేట్, హైడ్రాక్సిల్ కలిసిన స్ఫటికం అది. హైడ్రాక్సిల్ ఉండాల్సిన చోట ఫ్లోరైడ్ కూర్చుంటే అది ఫ్లోర్ అపటైట్ అవుతుంది. ఈ స్ఫటికం మరింత గట్టిది, అంత తేలిగ్గా కరగదు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఎముక ఎప్పుడూ కట్టుబడీ కూల్చుబడీ జరుగుతుండే ఇల్లు. కట్టేవి ఆస్టియోబ్లాస్టులు, కూల్చేవి ఆస్టియోక్లాస్టులు. ఫ్లోరైడ్ కట్టేవాటిని తెగ ఉసిగొల్పుతుంది, కూల్చేవాటికి మాత్రం పని కష్టం చేస్తుంది. దాంతో ఎముక దట్టమవుతుంది, బరువెక్కుతుంది, అంచుల్లో బుడిపెలు మొలుస్తాయి. అయినా లోపలి అల్లిక చెదిరి ఉంటుంది కాబట్టి బలం మాత్రం రాదు. ఎక్స్‌రేలో సున్నం కొట్టినంత తెల్లగా కనిపించే ఎముక పెళుసుగా ఉండటం చూసి విద్యార్థులు ఆశ్చర్యపోతారు.

ఇంకో చిక్కు కాల్షియంతో వస్తుంది. గుండె కొట్టుకోవాలన్నా కండరం కదలాలన్నా రక్తంలో కాల్షియం డెసీలీటరుకు సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. కొత్తగా పుట్టే ఎముక కాల్షియాన్ని లాగేస్తుంటే, ఫ్లోరైడ్ పట్టిన పాత ఎముక దాన్ని వదలకుంటే, పారాథైరాయిడ్ గ్రంథులు రంగంలోకి దిగి ఇతర చోట్ల ఎముకను కరిగిస్తాయి. తిండిలో కాల్షియం లేనివాళ్లలో ఇది ఇంకా తీవ్రం. అంటే ఒకే మనిషిలో ఒకచోట ఎముక దట్టం, మరోచోట డొల్ల. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్‌లో నల్లగొండ ప్రాంతం గురించి రాసింది ఇలాంటి రూపమే. మోకాళ్లు ఒకదానికొకటి తగిలి, పాదాలు ఎడంగా పోయి, ఎముక బోలుబారిన కుర్రవాళ్లు. ఒకే కారణం, రెండు రూపాలు. ఏ రూపం వస్తుందో నీళ్లతోపాటు కంచంలోని తిండి కూడా తేలుస్తుంది.

నేల మీది రూపాయి బిళ్ల

పీహెచ్‌సీకో గ్రామ ఆరోగ్య కేంద్రానికో వచ్చే యాభై ఏళ్ల ఆడమనిషి 'ఫ్లోరోసిస్' అని చెప్పదు. 'నడుం పట్టేసిందమ్మా, పొద్దున లేవలేకపోతున్నా' అంటుంది. మెడనొప్పి, మడమల పోటు, చేతుల తిమ్మిరి చెబుతుంది. అప్పుడు ఖర్చులేని మూడు పరీక్షలు చేయాలి. నేల మీద రూపాయి బిళ్ల పెట్టి మోకాళ్లు వంచకుండా తీయమనాలి. గడ్డం ఛాతీకి ఆనించమనాలి. రెండు చేతులు చాచి, మడిచి తల వెనక పెట్టుకోమనాలి. జబ్బు పట్టిన వెన్ను బిళ్ల దాకా వంగదు. ఆమె మోకాళ్లు మడిచి, గోడ పట్టుకుని, పక్కకు ఒరిగి తీస్తుంది. ఆ ఒరగడంలోనే వెన్నుపూసల మధ్య స్నాయువుల్లో సున్నం పేరుకుని గట్టిపడిన సంగతి కనిపిస్తుంది. ముంజేతి ఎక్స్‌రే తీయిస్తే రెండు ఎముకల మధ్య పొరలో కూడా అదే సున్నం తెల్లని గీతలా కనబడుతుంది. ఫ్లోరోసిస్‌ను పోల్చుకునే గట్టి గుర్తు అది.

రోగి చెప్పేది లక్షణం, మనం చూసేది గుర్తు. ఈ రెంటి తేడా బిళ్ల దగ్గర తెలిసినంత స్పష్టంగా పుస్తకంలో తెలియదు. ఈ మూడు పరీక్షలు అనుమానానికే, నిర్ధారణకు కాదు. మూత్రంలో ఫ్లోరైడ్, ఎక్స్‌రే, తాగే నీటి పరీక్ష మూడూ కలిసి తేల్చాలి.

వెన్నుపూసల లోపలి కాలువ ఇరుకైతే వెన్నుపాము, నరాల మూలాలు నలుగుతాయి. హైదరాబాద్ న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి ఏళ్ల తరబడి రాసింది ఈ దశ గురించే. కాళ్లు బిగుసుకుంటాయి, స్పర్శ తగ్గుతుంది, మూత్రం మీద అదుపు పోతుంది. మంచాన పడ్డ మనిషికి ఇక్కడ నర్సే దిక్కు. మెడ వెనక్కి వంగదు కాబట్టి దిండు తీసేసి తల కిందకు నొక్కకూడదు. గట్టిపడ్డ కీలును బలవంతంగా లాగితే పెళుసు ఎముక విరగవచ్చు. స్పర్శ లేని తుంటి మీద గంటల తరబడి బరువు పడితే రక్తం ఆడక పుండు పడుతుంది. అందుకే పక్కకు తిప్పే వేళలు చార్టులో రాసి మరీ పాటించాలి.

ఒకదాన్నొకటి పెంచే వలయం

కీళ్లనొప్పికి జనం మందుల షాపులో నొప్పి మాత్ర కొనుక్కుంటారు. ఏళ్ల తరబడి వేసుకుంటారు. ఈ మాత్రలు ప్రోస్టాగ్లాండిన్లను ఆపుతాయి. మూత్రపిండంలోకి రక్తం తెచ్చే సన్న నాళాలను తెరిచి ఉంచేవి ఆ ప్రోస్టాగ్లాండిన్లే. ఎండలో పనిచేసి నీరు ఇంకిపోయిన ఒంట్లో అవి ఆగిపోతే మూత్రపిండానికి రక్తం తగ్గుతుంది, వడపోత మందగిస్తుంది. ఫ్లోరైడ్ బయటికి పోయే పెద్దదారి అదే కదా. దారి మూసుకుంటే ఎముకలో నిలవ పెరుగుతుంది, నొప్పి పెరుగుతుంది, మాత్రలు పెరుగుతాయి. పాథోఫిజియాలజీలో విషవలయం అనే మాటకు నేనైతే ఈ ఉదాహరణే చెబుతాను. 'ఏం మాత్ర వేసుకుంటున్నావు, రోజుకెన్ని, ఎన్నాళ్లుగా' అని అడిగి కేస్ షీట్‌లో రాసే నర్సు ఆ వలయాన్ని ఒకచోట తెంపగలదు. అలాగని కిడ్నీ జబ్బు ఉన్న ప్రతి ఊళ్లోనూ ఫ్లోరైడే కారణమని తీర్మానించకూడదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కిడ్నీ జబ్బుకు ఒకే కారణమంటూ ఇంకా తేలలేదు.

మార్గాలు

ఎముకకు పట్టిన ఫ్లోరైడ్‌ను కడిగేసే మందు లేదు. నీళ్లు మారితే అది ఏళ్ల మీద నెమ్మదిగా తగ్గుతుంది. గట్టిపడ్డ వెన్ను మాత్రం తిరిగి మెత్తబడదు. కాబట్టి చేయాల్సిందంతా ముందే చేయాలి.

నీళ్లు కాచి తాగమని చెప్పడం ఈ ఊళ్లలో మంచి సలహా కాదు. కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ మాత్రం పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో దాని పాలు పెరుగుతుంది. బ్లీచింగ్ ఒక్కటే వేసినా పోదు. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970ల్లో రూపొందించిన నల్లగొండ పద్ధతిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, తేరిన నీళ్లు వంచుకుంటారు. ఇప్పుడు ఆర్‌ఓ ప్లాంట్ల క్యాన్ నీళ్లు ఎక్కువ. అయితే వంటకూ టీకీ బోరు నీళ్లే వాడే ఇళ్లు ఉంటాయి, ఆ సంగతి విడిగా అడగాలి. టీ ఆకులోనే ఫ్లోరైడ్ ఉంటుంది. అసలు పరిష్కారం నది నీళ్లు ఊళ్లకు రావడం. బొల్లాపల్లి, వెల్దుర్తి, దుర్గి వైపు ప్రజలు వరికపూడిశెల ఎత్తిపోతల కోసం అంత పట్టుబట్టేది సాగుకే కాదు, తాగునీటికి కూడా.

తిండి విషయంలో పాలు, రాగులు, మునగాకు కాల్షియం ఇస్తాయి. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. చింతపండు మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువ పోయేలా చేస్తుందని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో బడిపిల్లల మీద అధ్యయనం చేసి చూపించారు. పప్పుచారు ఔషధమని కాదు, మన వంటింట్లో ఉన్నదాన్ని తక్కువ చేయొద్దని.

పళ్ల సంగతి చివరికి ఉంచాను. శాశ్వత ముందుపళ్లు చిగురు కింద పుట్టినప్పటి నుంచి నాలుగైదేళ్ల దాకా తయారవుతాయి. ఆ రోజుల్లో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎనామెల్ పొర సరిగా గట్టిపడక అడ్డంగా సుద్దగీతలు పడతాయి. ముదిరితే గోధుమరంగు మచ్చలు, గుంటలు వస్తాయి. పన్ను పూర్తిగా తయారయ్యాక తాగిన నీళ్లు ఆ గీతను కొత్తగా వేయలేవు, ఉన్నదాన్ని చెరపలేవు. ఆరేడేళ్లకు బయటికొచ్చే ఆ పన్ను, బిడ్డ పసితనంలో ఇంట్లో ఏ నీళ్లు తాగారో చెబుతుంది. బడిలో మూడో తరగతి పిల్లలను వరసగా నిలబెట్టి, పగటి వెలుతురులో పై పెదవి ఎత్తి చూస్తూ, ఏ వీధి పిల్లవాడు, అప్పట్లో ఏ బోరు నీళ్లు తాగాడు అని పక్కన రాసుకుంటూ పోతే ఊరి నీళ్ల పటం తయారవుతుంది. ఊరికి మంచినీళ్లు వచ్చిన ఏడెనిమిదేళ్లకు మళ్లీ అదే తరగతి గదికి వెళ్లి అలాగే పెదవి ఎత్తి చూడాలి.