గుండ్లకమ్మ ఇసుక – సముద్రపు కోత

త్రిపురాంతకము కొండమీద నిలిచి చూచిన సముద్రము కనబడదు. అయినను సముద్రతీరము మనకు పరాయిది కాదు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ కంభం చెరువును నింపి, మార్కాపురం సీమను దాటి, ఒంగోలు దిగువున బంగాళాఖాతములో కలియుచున్నది. మన కొండలు అరిగిన ఇసుకయే అక్కడి తీరమునకు చేరుచున్నది.

మన తీరమునకు పెద్ద తుపానులు ఎక్కువగా అక్టోబరు మొదలు డిసెంబరు వరకు వచ్చును. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను పెద్దలు మరువలేదు. అట్టి వేళ నీటిమట్టము పెరిగి, ఎత్తయిన కెరటములు తిన్నెల మొదట తగిలి, ఇసుకను లోపలికి లాగికొనిపోవును. మట్టిగట్టు అయినచో అడుగు కోసికొనిపోయి పైభాగము విరిగిపడును. లాగిన ఇసుక కొంత దూరమున నీటి అడుగున మేటవేయును. సముద్రము శాంతించిన నెలలలో చిన్న అలలు దానిని మరల ఒడ్డుకు చేర్చును. విరిగిన గట్టు మాత్రము తిరిగి రాదు.

ఇసుక తీరము వెంబడి కూడ నడచును. విశాఖపట్టణములో అది సంవత్సరములో ఎక్కువ భాగము ఉత్తరమునకు నడచును. 1933లో ఓడరేవు తెరువబడినది. ఆ ఇసుక ఓడల దారిని పూడ్చకుండుటకు ఆ దినములలో రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా చేసిరి. 1950వ దశకములో అమెరికా శాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చి, ఇక్కడివారితో కలిసి వాల్తేరు తీరపు హెచ్చుతగ్గులను పరిశీలించెను. 1970వ దశకములో బాహ్య ఓడరేవు గోడలు లేచినవి. ఉత్తరపు తీరమునకు ఇసుక రాక తగ్గినందున, తవ్వితీసిన ఇసుకను అక్కడ పోయవలసివచ్చినది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఆ తీరమును మరల కోసినది.

కాకినాడ దగ్గర ఉప్పాడలో ఇంకను బాధ. అక్కడ పల్లెకారుల ఇండ్లు, తోటలు, రహదారి అలలపాలైనవి. 2010 ప్రాంతములో ఇసుక నింపిన పెద్ద గొట్టపు సంచులతో గోడ కట్టిరి. కెరటములు దానినికూడ దెబ్బతీసినవి.

సముద్రము తీసికొన్నది తిరిగి ఇచ్చునది. అయితే ఇచ్చుటకు ఇసుక ఉండవలెను. గుండ్లకమ్మ మీద మల్లవరమువద్ద జలాశయము కలదు. అది మన పొలములకును పట్టణములకును అవసరమే. కాని దాని వెనుక నిలిచిన ఇసుక, ఏటిలో లారీలకు ఎత్తిన ఇసుక తీరమునకు చేరదు. ఎగువనున్న మనము ఏటి ఇసుకను పొదుపుగా వాడినచో, ఎన్నడును చూడని పల్లెకారుని గుడిసె ముందర ఒక తిన్నెను నిలిపినవారమగుదుము.