ఇరవయ్యో ర్యాంకు తర్వాత

2023 జులై 9న టొరంటో బ్లూ జేస్ అనే బేస్‌బాల్ క్లబ్బు ఆ ఏటి డ్రాఫ్టులో తన మొదటి ఎంపికగా ఒక పదిహేడేళ్ళ కుర్రాడి పేరు చెప్పింది. అర్జున్ నిమ్మల. మొత్తం వరసలో ఇరవయ్యో పేరు. చదివింది ఫ్లోరిడాలో, స్ట్రాబెరీ క్రెస్ట్ హైస్కూల్లో. తల్లిదండ్రులు విజయవాడ నుంచి వలస వెళ్ళినవాళ్ళు. ఒప్పందం 30 లక్షల డాలర్లకి కుదిరింది. మన చెవికి ఈ వార్త అచ్చం ర్యాంకులాగే వినపడుతుంది.

ఎందుకు వినపడదు? విజయవాడ నుంచి దక్షిణంగా రైలెక్కితే తెనాలి, ఆ తర్వాత బాపట్ల. తెనాలిలో దిగి బండి మారితే రేపల్లె. ఈ మూడూళ్ళలో ఎక్కడ స్టేషన్ బయటికొచ్చినా ఫలితాల సీజన్లో ఫ్లెక్సీలే స్వాగతం చెబుతాయి. ఫోటో, పేరు, ర్యాంకు. కృష్ణకి ఇటూ అటూ ఉన్న ఈ డెల్టా నుంచి అమెరికా వెళ్ళిన తరాల చరిత్ర చాలావరకు ఆ అంకెల మీదుగానే నడిచింది. 1965 వలస చట్టం డాక్టర్లకీ ఇంజినీర్లకీ తలుపు తీసింది. 1990 చట్టంతో వచ్చిన హెచ్-1బి వీసా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి దారి వేసింది. రెండుసార్లూ టికెట్టు చదువే. అలా వెళ్ళిన సమాజంలోంచి ఒక కుర్రాడు, ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీకి ఆడతానని ఇచ్చిన మాట పక్కనపెట్టి, హైస్కూల్ అయిపోగానే ఆటనే ఉద్యోగం చేసుకున్నాడు. అది చిన్న నిర్ణయం కాదు.

ఆ ఉద్యోగం పేరు షార్ట్‌స్టాప్. బేస్‌బాల్ మైదానంలో నాలుగు బేసులు ఒక చతురస్రానికి నాలుగు మూలలు. ఒక్కో భుజం 90 అడుగులు. ఆ చతురస్రం చుట్టుపక్కల కాపలా కాసే నలుగురే ఇన్‌ఫీల్డర్లు. షార్ట్‌స్టాప్ నిలబడేది రెండో బేసుకీ మూడో బేసుకీ మధ్య. కుడిచేతి వాటం బ్యాటర్లు బలంగా లాగి కొట్టిన బంతులు ఎక్కువగా అటే వస్తాయి. కొట్టినవాడు మొదటి బేసు చేరడానికి నాలుగు సెకన్ల పైచిలుకు పడుతుంది. ఆలోపు బంతిని అందుకుని మైదానం అడ్డంగా విసరాలి. మన పాయింట్ ఫీల్డర్‌తో పోల్చొచ్చు, కాకపోతే పాయింట్‌లో బంతి వదిలేస్తే ఆ తప్పు స్కోర్‌కార్డుకి ఎక్కదు. బేస్‌బాల్లో ఎక్కుతుంది. స్కోర్‌బోర్డు మీద పరుగులు, హిట్లు, వాటి పక్కనే మూడో గడి: ఎర్రర్లు.

ఇక ర్యాంకు సంగతి. డ్రాఫ్టులో ఒక్క ఏడాదిలో 600 మందికి పైగా ఎంపికవుతారు. ఎంత ముందు వరసలో ఉన్నా, దాదాపు అందరూ అట్టడుగునుంచే మొదలెట్టాలి. 1920లలో బ్రాంచ్ రికీ అనే మేనేజరు సెయింట్ లూయిస్ కార్డినల్స్ కోసం చిన్న ఊళ్ళ జట్లని కూడగట్టి, కుర్రాళ్ళని నారుమడిలో పెంచినట్టు పెంచే పద్ధతి తెచ్చాడు. దాన్ని ఫార్మ్ సిస్టమ్ అనే పిలుస్తారు. నల్లవాళ్ళని దశాబ్దాల తరబడి బయటే ఉంచిన పెద్ద లీగులోకి 1947లో అడుగుపెట్టిన జాకీ రాబిన్సన్ కూడా ముందు 1946 అంతా మాంట్రియల్‌లో, కింది లీగులో ఆడినవాడే. అతనూ ఇన్‌ఫీల్డరే.

బ్లూ జేస్ నిచ్చెనలో మెట్లు డనీడన్, వాంకూవర్, న్యూహ్యాంప్‌షైర్, బఫలో. ఆ తర్వాతే టొరంటో. రేపల్లె పాసింజరులాగా ప్రతి స్టేషన్లోనూ ఆగాలి. ఈ మెట్ల మీది జీతాలు ఏళ్ళ తరబడి దయనీయంగా ఉండేవి. సింగిల్-ఎ స్థాయిలో ఏడాదికి కనీసం 11 వేల డాలర్లు. ఆటగాళ్ళు 2022లో యూనియన్‌లో చేరాక, 2023 ఒప్పందంతో అది 26,200 అయింది. నిమ్మలలా చేతిలో 30 లక్షల బోనస్ ఉన్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. మిగతావాళ్ళకి ఆ జీతమే బతుకు.

అయితే బోనస్ బంతిని కొట్టి పెట్టదు. 2024లో డనీడన్‌లో అతను సీజన్ మొదట్లోనే బాగా తడబడ్డాడు. క్లబ్బు అతన్ని కొన్నాళ్ళు జట్టునుంచి తప్పించి శిక్షణా కేంద్రానికి పంపింది. అక్కడ సరిదిద్దుకుని తిరిగొచ్చి, ఆ ఏడాది మొత్తమ్మీద 17 హోమ్ రన్లు కొట్టాడు. 2025లో ఒక మెట్టెక్కి వాంకూవర్ చేరాడు. మొదటి వారాల్లో మెరిసినా, సీజన్ ముగిసేసరికి సగటు .220ల్లో తేలింది. అంటే నాలుగుసార్లలో మూడుసార్ల పైనే విఫలం. అప్పటికి అతనికి 19 ఏళ్ళు. ఈ వృత్తిలో అది నామోషీ కాదు. పెద్ద లీగులో పదిసార్లలో ఏడుసార్లు విఫలమైనవాణ్ణి గొప్ప బ్యాటర్ అంటారు.

నాకు ఈ కెరీర్లో ఆసక్తి అక్కడే. ఇతను పెద్ద లీగుకి చేరతాడో లేదో ఆ ఇరవయ్యో నంబరు చెప్పదు. మొదటి రౌండులో ఎంపికై కూడా ఒక్క పెద్ద మ్యాచ్ ఆడకుండానే ఇంటికెళ్ళినవాళ్ళు ఎందరో. మన దగ్గర ర్యాంకు వచ్చిన రోజే కథ ముగుస్తుంది. ఫ్లెక్సీ మీద ఉన్న కుర్రాడు రెండో ఏడాది హాస్టల్లో ఎలా ఉన్నాడో, బ్యాక్‌లాగులు ఎన్నో, మధ్యలో తిరిగొచ్చేశాడేమో ఎవరూ రాసిపెట్టరు. తప్పటడుగు వేసినవాడు ఊళ్ళో మొహం చాటేసుకోవాల్సిందే. డనీడన్‌లో మాత్రం కుర్రాడు బంతి వదిలేస్తే, అందరూ చూస్తుండగా మూడో గడిలో ఒక అంకె పెరుగుతుంది. తర్వాతి బంతికి అతను అదే చోట, మోకాళ్ళు వంచి, మళ్ళీ నిలబడతాడు. ఆ గడి మన ఫ్లెక్సీల మీద కూడా ఉండుంటే, ఎంతమంది పిల్లలు ధైర్యంగా ఇంటికి ఫోన్ చేసుండేవాళ్ళో.